ముసురులో మంచె

అక్టోబరు 9, మాడిసన్

విల్లు లాగుడు బరువు 45 పౌండ్లకు దించాను. వేసవిలో పెరట్లో 50 లాగడం కష్టం కాదు. నవంబరులో నాలుగు పొరల బట్టల మీద, మూడు గంటలు కదలకుండా కూర్చుని బిగుసుకుపోయిన భుజంతో లాగడం వేరు. విస్కాన్సిన్ చట్టం అడిగేది 30 పౌండ్లే. ములికి పదునుగా ఉంటే 45తో బాణం జింక పక్కటెముకల మధ్య దూరి అవతలి వైపు బయటికొస్తుంది. ఆ అవతలి రంధ్రం ఎందుకు ముఖ్యమో వానలో వేటాడేవాళ్లకే బాగా తెలుసు.

ఈ వారం సాధనంతా వానకోటుతోనే. కోటు చెయ్యి అల్లెతాడుకు తగిలితే బాణం దారి తప్పుతుంది కాబట్టి ముంజేతికి పట్టీ బిగించుకున్నాను. బాణాలకు టర్కీ ఈకలు తీసేసి ప్లాస్టిక్ రెక్కలు అతికించాను. ఈకలు ఎంత అందంగా ఉన్నా తడిస్తే ముద్దయిపోతాయి. తాడుకు మైనం పట్టించాను. తాడులో చూపు కోసం పెట్టే చిన్న రింగులో ఒక్క వానచుక్క నిలిచినా ఎదురుగా ఉన్న జింక మసకబారుతుంది. అందుకని లాగే ముందు దాన్ని ఊదడం అలవాటు చేసుకుంటున్నాను. ఊదు, లాగు, చూడు. చూపు తేటగా లేకపోతే వదిలెయ్.

అక్టోబరు 12, రిచ్‌లాండ్ కౌంటీ

నన్ను వేటాడనిచ్చే పెద్దాయన పొలంలో మంచె ఎక్కించాం. ఆయనకు డెబ్బై దాటాయి. ఆవుల్ని అమ్మేసి చాలా కాలమైంది, పాక మాత్రం ఇంకా శుభ్రంగా ఊడ్చి ఉంచుతారు. ఆయన కింద నిలబడి తాడు పట్టుకుంటే, నేను తెల్ల ఓక్ చెట్టుకు 16 అడుగుల ఎత్తున పీట బిగించి, కింది నుంచి పై దాకా రక్షణ తాడు కట్టాను. నేల విడిచింది మొదలు మళ్లీ నేల తాకేదాకా ఒంటి పట్టీలు ఆ తాడుకే తగిలించి ఉండాలి. విల్లు భుజాన వేసుకుని ఎక్కకూడదు. పైకి చేరాక తాడుతో లాక్కోవాలి. ఈ వేటలో మనుషులను జింక కొమ్ములకన్నా, బాణాలకన్నా ఎక్కువగా దెబ్బతీసేది చెట్టు మీంచి పడటమే. అలా పడ్డవాళ్లను నేను పనిచేసే ఆసుపత్రి ఎమర్జెన్సీలో చూశాను. వాళ్లలో చాలామంది ఎక్కేటప్పుడో దిగేటప్పుడో, పట్టీ ఇంకా తగిలించని ఆ నిమిషంలోనే పడ్డారు.

రాష్ట్రంలో ఈ నైరుతి మూలకు మంచుయుగపు హిమానీనదాలు రాలేదు. చుట్టూ నేలను చదును చేసిపోయినా ఇక్కడి గుట్టలూ ఇరుకు లోయలూ అలాగే మిగిలాయి. అందుకని గాలి ఒక తీరున వీచదు. ఎండ ఎక్కుతుంటే లోయలో గాలి వేడెక్కి గుట్ట మీదికి పాకుతుంది. పొద్దు వాలితే చల్లబడి కిందికి జారుతుంది. నా ఒంటి వాసన ఎటు పోతుందో దాన్నిబట్టే. ఇక్కడి మిల్క్‌వీడ్ మన జిల్లేడు కుటుంబంలోదే, కాయ చీలిస్తే అదే పట్టుదూది. పైనుంచి ఒక్కో పోగు వదిలి చూశాను. ముందు తూర్పుకు పోయింది, లోయ అంచున ఆగింది, తర్వాత వెనక్కి తిరిగి కిందికి దిగింది. పడమటి గాలి ఉన్న సాయంత్రాలకు ఈ చెట్టు పనికిరాదు.

అక్టోబరు 19

రాత్రి నుంచి ముసురు. ఇలాంటి రోజే మంచె ఎక్కాలనిపిస్తుంది.

ఎండిన అక్టోబరులో ఓక్ ఆకుల మీద అడుగేస్తే అప్పడాలు నలిగినట్టు లోయంతా వినిపిస్తుంది. ఇవాళ చెట్టు దాకా నడిచినా చప్పుడు లేదు. పైగా మబ్బు పట్టిన రోజు ఎండ లేక, లోయ గాలి పైకీ కిందికీ ఊగులాడదు. నా అడుగుల చప్పుడునూ నేను తొక్కిన గడ్డిలో మిగిలిన వాసననూ వాన కడిగేస్తుంది. జింకకు ఇంత దగ్గరగా వెళ్లే అవకాశం మరే వాతావరణమూ ఇవ్వదు.

అదే వాన జింక ఒంట్లోంచి రాలే నెత్తుటినీ కడిగేస్తుంది.

ఇది ఎన్నిసార్లు రాసుకున్నా మళ్లీ రాయాలనిపిస్తుంది. బాణం తగిలిన జింక సాధారణంగా ఉన్నచోటే కూలదు. ములికి కోసిన చోట నెత్తురు కారి, మెదడుకు రక్తం అందక పడుతుంది. రెండు ఊపిరితిత్తులూ తెగితే కొద్ది సెకన్లలోనే పడిపోతుంది, కానీ ఆ సెకన్లలోనే వంద గజాలు పరిగెత్తగలదు. తర్వాత వేటగాడి చేతిలో మిగిలేది జాడ ఒక్కటే. దానికీ పాత లెక్కలున్నాయి. ఊపిరితిత్తులకు తగిలితే అరగంట ఆగి వెతకాలి, కాలేయానికైతే నాలుగు గంటలు, పేగులకైతే ఎనిమిది నుంచి పన్నెండు. అలా ఆగితే గాయపడ్డ జింక దగ్గర్లోనే పడుకుని, అక్కడే ప్రాణం విడుస్తుంది. తొందరపడి వెళితే లేచి ఎంతో దూరం పోతుంది. ముసురు ఈ లెక్కలన్నిటినీ కొట్టిపారేస్తుంది. ఆగితే జాడ ఉండదు, ఆగకపోతే జింక ఉండదు.

అందుకే నా హద్దు పొడి రోజున 25 గజాలైతే వాన రోజున 15. గురి కుదరదని పెట్టిన హద్దు కాదిది, వాన రోజున నాకు గురి బాగానే ఉంటుంది. బాణం ఎక్కడ తగిలిందో కళ్లారా చూడాలి, రెండు ఊపిరితిత్తుల మీదికి తప్ప మరెక్కడికీ వదలకూడదు. 15 గజాలు దాటితే ఈ మాట మీద నిలబడలేను.

నాలుగున్నరకు ఆడ జింక వచ్చింది, వెనక ఈ ఏటి పిల్లలు రెండు. చెవులు దులుపుతూ 28 గజాల దగ్గర ఓక్ కాయలు ఏరుకుంటూ చాలాసేపు ఉన్నాయి. పక్కకు తిరిగి నిలబడింది, మధ్యలో ఒక్క రెమ్మ లేదు. విల్లు కొక్కెం మీదే ఉంచాను. చీకటి పడ్డాక వాటంతటవి కదిలి వెళ్లేదాకా దిగలేదు.

అక్టోబరు 20

రాత్రి డ్యూటీ. మూడింటికి వార్డు సద్దుమణిగింది. దశరథుడు గుర్తొచ్చాడు. ఆయన సరయూ ఒడ్డుకు వెళ్లింది వానాకాలంలో, చీకట్లో. కుండలోకి నీళ్లు దిగే బుడబుడ విని ఏనుగు అనుకున్నాడు. మా నాయనమ్మ ఈ కథ చెబుతూ శాపం దగ్గర గొంతు పెంచేది. నాకిప్పుడు బాణం వదిలిన క్షణం దగ్గరే ఆగాలనిపిస్తుంది. చూడకుండా, శబ్దాన్ని బట్టి కొట్టగలగడం ఆయనకు పేరు తెచ్చిన విద్య. విస్కాన్సిన్‌లో లైసెన్సుకు ముందు చదవాల్సిన వేట శిక్షణలో నాలుగు సూత్రాలుంటాయి. కొట్టబోయేది ఏమిటో, దాని ముందూ వెనకా ఏముందో తేల్చుకోవాలనేది వాటిలో ఒకటి. 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు సాధారణంగా ఈ శిక్షణ తప్పనిసరి. ఆ తరగతిలో నా పక్కన పన్నెండేళ్ల పిల్లలు కూర్చున్నారు.

నవంబరు 2

అన్నయ్య ఫోన్. "మన దగ్గరైతే జైల్లో వేస్తారు, తెలుసుగా?" అన్నాడు. తెలుసు, వెయ్యాలి కూడా. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. నల్లమలలో దుప్పి మీద బాణం ఎక్కుపెట్టాలన్న ఆలోచన కూడా నాకు రాదు. అదే 1972లో అమెరికా తన 1937 నాటి చట్టాన్ని సవరించి, తుపాకులకున్న అమ్మకపు సుంకాన్ని విల్లంబులకూ వర్తింపజేసింది. నేను కొన్న ప్రతి బాణం ధరలోంచీ కొంత అడవుల నిర్వహణకు, జంతువుల లెక్కలకు, శిక్షణ తరగతులకు పోతుంది. రెండు దేశాల దారులు వేరు. ఇక్కడి దక్షిణ కౌంటీల్లో జింకలు మొక్కజొన్న చేలు తిని, ఓక్ మొలకలు పైకి లేవనివ్వకుండా కొరికి, రోడ్ల మీద కార్ల కింద పడి చస్తున్నాయి. అన్నయ్య ఒప్పుకోలేదు. "అయినా చంపడమే కదరా చిన్నీ" అన్నాడు. అవును, చంపడమే. ఆ మాటను మెత్తబరచాలని నాకూ లేదు.

నవంబరు 6

జత కట్టే కాలం ముమ్మరంగా ఉంది. సెలవు పెట్టి వెళ్లాను.

తెల్లారేసరికి గాలి గంటకు 20 మైళ్లు. ఓక్ చెట్టు ఊగుతుంటే పీట నాతోపాటు ఒక జాన ఇటు, ఒక జాన అటు. గాలిరోజుల్లో జింకలు పొదలు వదలవని చాలామంది అంటారు. పెన్సిల్వేనియాలో జింకల మెడకు జీపీఎస్ పట్టీలు వేసి చూసిన పరిశోధకులకు అలా కనిపించలేదు. నాకూ కనిపించలేదు. ఎనిమిదింటికి కొమ్ముల పోతు ఒకటి ముక్కు నేలకు రాస్తూ, ఆడ జింక వాసన పట్టుకుని నేరుగా నా చెట్టు కిందికే వచ్చింది. మెడ ఉబ్బి ఉంది. నిలబడ్డ ప్రతిసారీ తల ఎత్తి అన్ని వైపులా చూసింది. గాలి హోరులో దాని చెవులు పనిచేయవు కదా, కళ్లతోనే కాచుకోవాలి.

బాణం సెకనుకు 250 అడుగుల పైచిలుకు వేగంతో పోతుంది. అల్లెతాడు చప్పుడు దానికి నాలుగింతల వేగంతో ముందే చేరుతుంది. బెదిరిన జింక పరుగు తీయబోతూ ముందు కిందికి కుంగుతుంది. ఆ కుంగుబాటులో ఊపిరితిత్తుల మీదికి వెళ్లాల్సిన బాణం వెన్ను మీదికి వెళుతుంది. అంత ఉలికిపాటుతో ఉన్నదాని మీదికి, ఊగే చెట్టు మీంచి వదలలేను. వెళ్లనిచ్చాను.

తొమ్మిదికి గాలి 30 దాటింది. పక్కనున్న ఎండు యాష్ చెట్టు కొమ్మ విరిగి పడింది. దిగిపోయాను.

నవంబరు 11

మంచెలో కూర్చోలేదు. పెద్దాయన వంటింట్లో కాఫీ. ఏటా ఈ తేదీన ఆయన 1940 మాటెత్తుతారు. ఆ ఏడు నవంబరు 11 పొద్దున ఈ ప్రాంతమంతా వెచ్చగా ఉంది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన రోజు కాబట్టి సెలవు. మిసిసిపీ నది లంకల్లోకి బాతుల వేటకు జనం పల్చని కోట్లతో పడవల్లో వెళ్లారు. బాతులు ముందెన్నడూ లేనంతగా గుంపులు గుంపులుగా దిగుతుంటే కదలబుద్ధి కాలేదు. అవి దిగింది తుపానుకు ముందు పారిపోతూ. మధ్యాహ్నానికి వాన, ఆపైన మంచు, పెనుగాలి. రాత్రికి ఉష్ణోగ్రత గడ్డకట్టే స్థాయికి బాగా కిందికి పోయింది. పడవలు తిరగబడ్డాయి. లంకల్లో చిక్కుకున్నవాళ్లు తడిబట్టలతో నిలబడే చనిపోయారు. ఆ తుపాను అన్ని రాష్ట్రాల్లో కలిపి సుమారు 150 మందిని తీసుకుంది. పెద్దాయన అప్పటికి పుట్టలేదు, వాళ్ల నాన్న బతికొచ్చారు.

సాయంత్రం ఇది నాన్నకు ఫోన్‌లో చెప్పాను. ఆయనది నాగాయలంక, 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన మనిషి. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "చెట్టు మీద కూర్చున్నావని అనుకుంటేనే నాకు నిద్ర పట్టదమ్మా" అన్నారు. చెట్టు పట్టుకుని ఆ రాత్రి గట్టెక్కినవాళ్లూ, పట్టు జారినవాళ్లూ ఆయనకు తెలుసు. ఉరుము వినిపిస్తే దిగిపోతానని, గాలి 30 దాటితే ఎక్కనే ఎక్కనని ఆయనకు మాటిచ్చాను.

పడుకోబోయే ముందు సంచీలో ఇవి మార్చాను: పొడి ఉన్ని చొక్కా, రెండో జత చేతి తొడుగులు, వాటి లోపల వేసుకోవడానికి ప్లాస్టిక్ సంచులు. వణుకు వస్తున్నంతసేపు శరీరం పోరాడుతున్నట్టే. ఒంటి వేడి 35 డిగ్రీల కిందికి పడ్డాక, ఇంకా దిగజారితే వణుకు ఆగిపోతుంది, మాట తడబడుతుంది, మనిషికి తాను బాగానే ఉన్నాననిపిస్తుంది. మంచెలో ఒంటరిగా ఉన్నవాళ్లకు అది చెప్పేవాళ్లెవరూ ఉండరు. అందుకే అరగంటకోసారి బొటనవేలితో చిటికెనవేలు తాకి చూసుకుంటాను. తాకలేకపోతే దిగాలి.

నవంబరు 15

కాళ్లు నొప్పులు పుడుతున్నాయి, అయినా ఈ రాత్రే రాయాలి.

మధ్యాహ్నం రెండింటికి ఎక్కేటప్పటికి చినుకు. మూడింటికి మంచు కలిసిన వాన, కోటు మీద ఇసుక చల్లినట్టు చప్పుడు. వాయవ్యం నుంచి గాలి, ఈ చెట్టుకు సరైన వాటం. విల్లు ఒళ్లో పెట్టుకుని, తాడు మీద పేరుకుంటున్న రవ్వమంచును వేలితో తుడుస్తూ కూర్చున్నాను.

మూడు యాభైకి ఒంటరి ఆడ జింక వచ్చింది. పిల్లలు లేవు, బాగా ఎదిగినది. వాలు దిగి 14 గజాల దగ్గర, నేను ముందే గుర్తు పెట్టుకున్న మోడు పక్కకు వచ్చి, అటు తిరిగి కొంచెం ఏటవాలుగా నిలబడింది. దాని ముఖం చెట్టు వెనక్కి వెళ్లినప్పుడు రింగు ఊది లాగాను.

ఎత్తు నుంచి కొట్టేటప్పుడు గురి పెట్టాల్సింది బాణం దిగే చోటు చూసి కాదు, బయటికొచ్చే చోటు చూసి. పై నుంచి నిటారుగా పోతే ఒక్క ఊపిరితిత్తే తెగుతుంది. అలాంటి జింక ఎంతో దూరం పోగలదు. పైన దిగి అవతలి వైపు కింద బయటికి రాకపోతే నెత్తురంతా ఛాతీలోనే నిండుతుంది, నేల మీద ఒక్క చుక్క పడదు. అవతలి ముందుకాలు ఛాతీని కలిసే చోటు మీద దృష్టి నిలిపి వదిలాను.

బాణం అవతలి వైపు నేలలో గుచ్చుకున్న చప్పుడు వినిపించింది. జింక ఒక్కసారి ఎగిరి, తోక కిందికి వేసి, ముళ్లపొదల మీదుగా దిగువకు పరిగెత్తింది. పొడి రోజైతే అది కూలిన చప్పుడు వినబడేది. ఇవాళ వాన తప్ప ఏమీ వినబడలేదు. చివరిసారి కనిపించిన చోట తెల్లని బిర్చ్ చెట్టు ఉంది. పై నుంచే దిక్సూచితో దాని దిశ చూసి అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాను. కిందికి దిగాక లోకం వేరేలా కనిపిస్తుంది, పై నుంచి చూసినదేదీ దొరకదు.

దిగి ముందు బాణం దగ్గరికి వెళ్లాను. లేత ఎరుపు, సన్నని నురగ. అది ఊపిరితిత్తుల నెత్తురు. ముదురు ఎరుపైతే కాలేయం, పచ్చగా కంపు కొడితే పేగులు. ఆ రెండిట్లో ఏదైనా అయి ఉంటే ఈ వానలో ఏం చేయాలో ముందే అనుకున్నాను. జాడ పోయినా సరే వెనక్కి వెళ్లిపోయి, పక్క ఊళ్లో పట్టీ కట్టిన కుక్కతో గాయపడ్డ జింకలను వెతికిపెట్టే దంపతులకు ఫోన్ చేయాలి. కుక్క పట్టుకునే వాసన కంటికి కనిపించే నెత్తుటికన్నా ఎక్కువసేపు నిలుస్తుంది. వాళ్ల నంబరు మంచె ఎక్కకముందే చూసుకున్నాను.

నురగ కనిపించింది కాబట్టి పదిహేను నిమిషాలే ఆగాను. ఆలోపే బాణం మీది నెత్తురు కరిగి చెట్టు వేరు మీదికి పారిపోయింది. మొదటి ఇరవై అడుగులు జాడ స్పష్టంగా ఉంది. ముళ్లపొదలు దాటాక ఎర్రటి ఓక్ ఆకుల మధ్య ఏది ఆకు మచ్చో ఏది నెత్తురో తెలియలేదు. సీసాలో తెచ్చిన హైడ్రోజన్ పెరాక్సైడ్ చల్లుతూ పోయాను. నెత్తురైతే పొంగుతుంది, మరకైతే పొంగదు. మూడు చోట్ల పొంగింది, నాలుగో చోట పొంగలేదు. అక్కడ నారింజ రిబ్బను కట్టి, అరచేతి మీది అంకె చూసుకుని బిర్చ్ చెట్టు వైపు నేరుగా నడిచాను. చీకటి పడుతోంది.

బిర్చ్‌కు అవతల వాగు ఒడ్డున పడి ఉంది. పెద్ద కొమ్మతో కంటిని తాకాను, రెప్ప కదలలేదు. మోకాళ్ల మీద కూర్చుని దాని మెడ మీద చెయ్యి పెట్టాను. తడి వెంట్రుకల కింద ఇంకా వెచ్చగా ఉంది. నాకు ఏడుపొచ్చింది. ప్రతిసారీ వస్తుంది, ఆపుకోను.

మంచె నుంచి ఇక్కడికి తొంభై అడుగులకు మించి లేదు. 28 గజాల నుంచి వదిలి, ఒక బెత్తెడు వెనక్కి తగిలి ఉంటే ఈ వానలో దీన్ని ఎవరూ కనుక్కోలేరు.

నవంబరు 16

రాష్ట్రానికి ఆన్‌లైన్‌లో నమోదు చేశాను. మర్నాడు సాయంత్రం ఐదింటి లోపు చేయాలి. తల, కొంత మెడతో సహా వేరుచేసి, ఊరి చివర సహజ వనరుల శాఖ పెట్టిన పెట్టెలో చీటీ కట్టి వేశాను. 2002లో ఈ రాష్ట్రంలో బయటపడ్డ, జింకలను కృశింపజేసే వ్యాధి (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) ఈ కౌంటీల్లో ఎక్కువ. ప్రియాన్ అనే వంకరపోయిన ప్రొటీన్ వల్ల వచ్చేది, మందు లేదు. మనిషికి సోకినట్టు ఇప్పటిదాకా రుజువు కాలేదు, అయినా వ్యాధి తేలిన జింక మాంసం తినవద్దనే ఆరోగ్య శాఖల సలహా. పరీక్ష ఉచితం. ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్లో విడిగా.

నవంబరు 20

ఎల్లుండి శనివారం తుపాకుల సీజన్ మొదలు, తొమ్మిది రోజులు. విల్లు పట్టినా నారింజ రంగు గానీ గులాబీ రంగు గానీ వేసుకోవాల్సిందే. పెద్దాయన మనవడు ఈసారి నా మంచెలో కూర్చుంటాడట. శనివారం వాన అంటున్నారు. "తుపాకీతో కూడా పదిహేను గజాలేనా?" అని అడిగాడు. కాదన్నాను. ఇద్దరం లోయలోకి నడిచాం. పొదలు మొదలయ్యే అంచు దాకా, అంటే జింక పడితే మంచె మీంచి కనిపించే మేర వరకు, కొయ్యలకు రిబ్బన్లు కట్టాం. వాటి అవతల ఉన్నదాన్ని పొడి రోజు కోసం వదిలెయ్యమన్నాను. వాడు మొహం ముడుచుకున్నాడు. అవతలే పోతు తిరిగిన ఆనవాళ్లున్నాయి మరి. పెద్దాయన ఏమీ అనకుండా ఇంకో రెండు రిబ్బన్లు తెచ్చిచ్చారు.

డిసెంబరు 2

ఫలితం వచ్చింది, వ్యాధి లేదు. ఒక తొడ పెద్దాయనకు, ఒకటి వార్డులో నాతో రాత్రుళ్లు పనిచేసే ఆమెకు. మిగిలినది మిరియాలూ ధనియాలూ వేసి సన్నని సెగ మీద. జింక కొవ్వు నోట్లో మైనంలా అతుక్కుంటుంది, ఒక్క పొర కూడా మిగలకుండా తీసేయాలి.

మనవడు వాన రోజు ఏమీ కొట్టలేదు. ఎండకాసిన సోమవారం రిబ్బన్లకు ఇవతల ఒక ఆడ జింకను కొట్టాడు, కూలడం చూశాడు. విల్లు సీజన్ జనవరి మొదటి వారం దాకా ఉంది, నా దగ్గర ఇంకో జింకకు ట్యాగ్, అంటే అనుమతి చీటీ, ఉంది. ఈ వారాంతం మంచు కురుస్తుందట. మంచు మీద జాడ చెరగదు కాబట్టి హద్దు మళ్లీ 25కు తీసుకెళ్లొచ్చు. కానీ సున్నాకు పది డిగ్రీల కింద నా వేళ్లు అల్లెతాడును వదిలే ట్రిగ్గర్‌ను సరిగా పట్టుకోవు. రేపు పెరట్లో ఆ చలిలోనే అరగంట కూర్చుని, తర్వాత బాణాలు వేసి చూస్తాను. అవి ఎక్కడ పడతాయో చూసి హద్దు పెడతాను.